గాటున్న మాత్ర

నా నోరు మంచిది కాదు. ఈ మాట ముందు మా అమ్మ అంది, పెళ్ళయ్యాక అత్త అంది, ఇప్పుడు బొత్తాల కార్ఖానాలో మా సూపర్‌వైజరమ్మ వారానికోసారి అంటుంది. "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారే, నోరు అదుపులో పెట్టుకో" అనేది అమ్మ. వాళ్ళకి వేరే పనేమీ లేదా నా వెనకాలే తిరగడానికి, అనేదాన్ని నేను.

నోరు ఎలాంటిదైనా కళ్ళు మాత్రం మంచివి. కార్ఖానాలో నా పేరు డేగ. తెల్ల పళ్ళెంలో గుప్పెడు బొత్తాలు పోస్తే రెండు కన్నాలవి, నాలుగు కన్నాలవి, అంచు విరిగినవి, కన్నం పక్కకి జరిగినవి వేటికవి విడిపోతాయి. అందరికీ ఒకటే అనిపించే తెలుపులో నాకు నాలుగు తెలుపులు కనబడతాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నేను ఏరిన పళ్ళెం రెండోసారి ఎవరూ చూడరు. గొప్పకి చెప్పడం లేదు. మా ఆయన చేతులు ఎలా పోయాయో చెప్పాలంటే ముందు ఇది చెప్పాలి.

మా ఆయన రంగులు వేసే మేస్త్రి. పనివాళ్ళందరూ ఆయన్ని 'దారం' అంటారు. గోడా సీలింగూ కలిసేచోట రెండు రంగుల మధ్య ఒక అంచు ఉంటుంది చూడండి, అక్కడ మామూలు వాళ్ళు కాగితం పట్టీ అంటించి రంగు వేస్తారు. ఆయన నిచ్చెనెక్కి, ఊపిరి బిగబట్టి, ఉత్త కుంచెతో ఈ మూల నుంచి ఆ మూలకి లాగేసేవాడు. కింద నుంచి చూస్తే దారం పట్టి గీసినట్టే ఉండేది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా నాతో మాట్లాడుతూనే తలెత్తి పైకి చూసేవాడు. "వీళ్ళ సీలింగు ఎవడో నిద్రలో వేశాడు" అనేవాడు మెల్లగా. ఇంటివాళ్ళ ముందు నాకు నవ్వాపుకోవడం కష్టమయ్యేది.

ఆరేళ్ళ క్రితం ఆయనకి నడుం చుట్టూ సర్పి లేచింది. నలభై ఏళ్ళ మనిషికి ఇంత గట్టిగా ఎందుకొచ్చిందని డాక్టరు రక్తపరీక్ష రాశాడు. ఆ పరీక్ష తర్వాత నన్నూ పిలిపించారు. ఇద్దరికీ హెచ్.ఐ.వి. ఉందన్నారు. అంతకు మూడేళ్ళ ముందు ఆయన ఎక్కడో దూరాన పెద్ద కట్టడంలో ఏడు నెలలు పనిచేసి వచ్చాడు. ఎవరు, ఎలా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆసుపత్రి మెట్ల మీద, మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉండగా, పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన్ని 'నువ్వు' అన్నాను.

"నీ చేతులు పడిపోనూ" అన్నాను.

అందరూ తిట్టే తిట్టే అది. పాలు ఒలకబోసినా తిడతారు, జుట్టు పట్టుకు లాగినా తిడతారు. కానీ నేను ఆ రోజు మనసారా తిట్టాను. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. అంతే. ఇంటికొచ్చి అన్నం వండాను, ఇద్దరం తిన్నాం. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

మాత్రలు మొదలుపెట్టారు. ఇద్దరికీ ఒకటే రకం, పొద్దున ఎనిమిదికొకటి, సాయంత్రం ఎనిమిదికొకటి. నిజం చెప్పాలంటే అవి మమ్మల్ని నిలబెట్టాయి. అయిదేళ్ళపాటు ఆయన నిచ్చెన దిగలేదు, నేను పళ్ళెం వదల్లేదు. ఒక్కోసారి జబ్బుందన్న సంగతే మర్చిపోయేవాళ్ళం. మర్చిపోకూడనిది ఒకటే, ఎవరికీ తెలియకూడదన్నది.

నెలనెలా మందులు తెచ్చేది నేనే. ఆసుపత్రి వెనకవైపు బోర్డు లేని గది అది. మందులిచ్చే కిటికీ పక్కనే ఒక చెత్తబుట్ట ఉంటుంది. ఎప్పుడు చూసినా అది చించిన లేబుళ్ళతో నిండి ఉంటుంది. డబ్బా చేతికి రాగానే ప్రతివాళ్ళూ చేసే మొదటి పని లేబులు గోటితో గీకి, చించి, అందులో వెయ్యడం. కొందరు డబ్బా కూడా పారేస్తారు, సంచిలో గలగలమంటుందని. నేనూ అంతే. బొత్తాలు పోసుకునే చిన్న కవర్లు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. మాత్రలు వాటిలో పోసి, కార్ఖానాలో కట్టుకునే ఏప్రాను జేబులో వేసుకునేదాన్ని. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. గుట్టు బయటపడితే చేటనుకుని నేను అన్నీ చించాను. మా ఇంట్లో దాచడమే చేటయిందని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ఆయన చేతుల సంగతి ఒక గ్రంథాలయం సీలింగు దగ్గర బయటపడింది. సీలింగు వెయ్యడంలో ఒక నియమం ఉంది. మొదలుపెడితే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తడి ఆరకుండా పోవాలి. మధ్యలో ఆపితే, ఆరినచోట కొత్త రంగు కలిసి అతుకు కనబడుతుంది. ఆ రోజు సగం హాలు అయ్యేసరికి ఆయన కుడిచెయ్యి పైన నిలవలేదు. ఎడంచేత్తో కుడి మోచేతిని ఎత్తిపట్టుకుని ఇంకో రెండు బారలు లాగాడట. తర్వాత రెండు చేతులూ ఒక్కసారే దిగిపోయాయట. పరంజా మీద కూర్చుండిపోయి, "పొట్టోడా, నువ్వు అందుకో" అన్నాడట. ఆయనతో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న పొట్టి మేస్త్రి వచ్చి చెప్పాడు నాకు. "దారానికి వయసొచ్చిందక్కా" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు.

అప్పుడు వెనక్కి లెక్కేసుకుంటే చాలా కనిపించాయి. బనీను తల మీంచి తియ్యడానికి గోడకి ఆనుకునేవాడు. నేల మీద కూర్చుంటే, తొడల మీద చేతులు పెట్టి, తన ఒంటి మీద తనే ఎక్కుతున్నట్టు లేచేవాడు. మా గది మూడో అంతస్తులో. రెండో అంతస్తు దగ్గర ఆగి కిటికీలోంచి చూస్తుండేవాడు. "ఏముంది అక్కడ అంత చూడ్డానికి" అనేదాన్ని. "గాలొస్తోంది" అనేవాడు.

ఆసుపత్రికి తీసుకెళ్తే, మాకు మాత్రలు రాసే డాక్టరమ్మ ఆయన్ని చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. లేవలేకపోయాడు. రక్తం చూశారు, తొడలోంచి చిన్న కండ ముక్క తీసి చూశారు. పదిహేను రోజులకి చెప్పారు. ఈ జబ్బున్నవాళ్ళకి కండరాలు రకరకాలుగా దెబ్బతినొచ్చట, ఈయనకి మాత్రం మాత్ర వల్లేనట. జబ్బుని అణిచి ఉంచే ఆ మాత్రే, ఏళ్ళ తరబడి వాడిన కొద్దిమందిలో కండల్ని తినేస్తుందట. కంచే చేను మేసింది. "మాత్ర మార్చేస్తాం. మూణ్ణాలుగు నెలల్లో బలం రావడం మొదలవుతుంది. మళ్ళీ నిచ్చెనెక్కుతారు" అందట. ఆ మాట చెప్పేటప్పుడు నేను లోపల లేను, మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. కొత్త మాత్ర ఒకటి ఆయన అరచేతిలో పెట్టి చూపించిందని కూడా అప్పటికి నాకు తెలియదు.

కిటికీలో కుర్రాయన రెండు డబ్బాలిచ్చాడు. "ఇది మీ ఆయనది, కొత్త మందు. ఇది మీది, పాత మందే. కాకపోతే కంపెనీ మారింది, మాత్ర వేరేలా కనబడుతుంది, కంగారుపడకండి." రెండూ తెలుపే, రెండూ కోలగానే ఉన్నాయి. ఒకదానికి నడుమ గాటుంది, ఇంకోదానికి లేదు. లేబుళ్ళు చించి బుట్టలో వేశాను. ఆయనవి కవర్లో పోసి ఏప్రాను కుడి జేబులో వేసుకున్నాను. నావి ఎడమ జేబులో. కుడి ఆయన, ఎడమ నేను అని దారిపొడుగునా మనసులో అనుకుంటూనే వచ్చాను.

ఇంటికొచ్చేసరికి మా బావగారు కూర్చుని ఉన్నాడు. తమ్ముడికి ఒంట్లో బాగాలేదని ఎవరో చెబితే చూడ్డానికొచ్చాడు. ఏప్రాను తీసి మేకుకి తగిలించి టీ పెట్టాను. బావగారు ఎంతకీ పోడే. "ఏరా, పెళ్ళాం సంపాదిస్తోందని పడుకున్నావా" అని వేళాకోళాలు. ఎనిమిదయింది. బావగారు చెప్పులు వేసుకోవడానికి గుమ్మం దగ్గర వంగిన అరనిమిషంలో, గబగబా మేకు దగ్గరికెళ్ళి, కుడివైపు జేబులోంచి ఒక మాత్ర మా ఆయనకిచ్చి, ఎడమవైపు జేబులోంచి ఒకటి నేను వేసుకున్నాను. నాదానికి గాటుంది. ఆయనదానికి లేదు.

ఆ రోజు నుంచి నాకదే గుర్తు. ఆ తర్వాతి నెలల్లో ఇద్దరివీ ఒకే కవర్లో పోసుకొచ్చి, ఇంట్లో పళ్ళెంలో పరిచి ఏరేదాన్ని. గాటున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. అది నాకు పనేనా? ఎనిమిది నెలల్లో ఒక్క మాత్ర కూడా తప్పు ఏరలేదు.

ఆ ఎనిమిది నెలలూ ఆయన దిగజారిపోయాడు. సీలింగు పని మానేసి తలుపులకీ కిటికీ చువ్వలకీ దిగాడు, అంటే నడుం ఎత్తు పని. తర్వాత అదీ పోయి, ఒక మూల బల్ల మీద కూర్చుని రంగులు కలిపిచ్చేవాడు. తర్వాత డబ్బా మూత తియ్యడానికి కూడా పొట్టి మేస్త్రిని పిలవాల్సి వచ్చింది. ఒకరోజు ఇంటికొచ్చి, కుంచెలు కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి, మంచం కింద పెట్టమన్నాడు. నేను తల దువ్వుతుంటే కళ్ళు మూసుకునేవాడు. ఆసుపత్రి మెట్ల మీద అన్న మాట నా గొంతులో అలాగే ఉంది. అనగలిగిన నోరు వెనక్కి తీసుకోలేకపోయింది. నా మాటే తగిలిందని లోపల్లోపల నమ్మేశాను. చదువుకున్న డాక్టరమ్మ మాత్ర అంటోంది, నాకు తెలుసు అది నా నోరని.

మాత్ర వేసుకునేటప్పుడు ఆయనకి ఒక అలవాటు మొదలైంది. అరచేతిలో పెట్టగానే దాన్ని కాసేపు చూసేవాడు. తర్వాత నన్ను చూసేవాడు. తర్వాత మింగేవాడు.

"చూస్తారేం, అదేం రత్నమా" అనేదాన్ని. "మింగండి, చన్నీళ్ళు చల్లారిపోతున్నాయి."

నవ్వేవాడు కాదు.

మాత్ర మార్చినా గుణం రాకపోయేసరికి డాక్టరమ్మకి అనుమానం వచ్చింది. జబ్బే నేరుగా కండల్ని పట్టిందేమో, గట్టి మందు మొదలుపెట్టాలి అంది. అది మొదలుపెడితే మొహం ఉబ్బుతుందట, షుగరు వస్తుందట, ఎముకలు పెళుసవుతాయట. ముందు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒకసారి తెమ్మంది. ఏం వాడుతున్నారో లెక్క చూడాలట. వెళ్ళాల్సిన పొద్దున ఆయన మెట్లు దిగలేనన్నాడు. నేనొక్కదాన్నే బయలుదేరుతూ, ఏరినవి పోసుకునే రెండు అరల డబ్బా సంచిలో పెట్టుకున్నాను.

"అది తీసుకెళ్ళకు" అన్నాడు మంచం మీంచి.

"ఎందుకు?"

"నిన్ను ఏదైనా అంటారు."

లేబుళ్ళు చించినందుకు కోప్పడతారని భయపడుతున్నాడనుకున్నాను. "అంటే పడతాన్లెండి. నేను అననివాళ్ళెవరు?" అని వెళ్ళిపోయాను.

నర్సమ్మ బల్ల మీద తెల్ల కాగితం పరిచి నా డబ్బా అరలు రెండూ విడివిడిగా బోర్లించింది. ఒక పక్క గాటున్నవి, ఒక పక్క లేనివి, నేను ఏరినట్టే ఉన్నాయి.

"ఇందులో మీవేవమ్మా?"

"గాటున్నవి."

నర్సమ్మ నా వైపు చూసింది. రిజిస్టరు చూసింది. అల్మారాలోంచి లేబులున్న డబ్బాలు రెండు తీసి, ఒక్కో మాత్ర వాటి పక్కన పెట్టింది. మళ్ళీ అడిగింది, ఈసారి చాలా మెల్లగా. "ఎప్పటినుంచి ఇలా వేసుకుంటున్నారు?"

నేను ఏప్రానులోనే ఉన్నాను, షిఫ్టుకి అటునుంచి అటే పోదామని. నా చేతులు వాటంతటవే జేబుల్లోకి వెళ్ళాయి. కుడిచెయ్యి కుడి జేబులో, ఎడంచెయ్యి ఎడమ జేబులో. మేకుకున్న ఏప్రాను కళ్ళ ముందుకొచ్చింది. జేబులు నా వైపు తిరిగి ఉన్నాయి. అప్పుడు నా కుడిచేతికి దగ్గరగా ఉండేది ఏ జేబు? కట్టుకున్నప్పటి ఎడమది, నా మాత్రలది. బొత్తంలో వెంట్రుకవాసి తేడా పట్టే కళ్ళకి ఇది కనబడలేదు. "ఎనిమిది నెలల్నుంచి" అన్నాను.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. నాకేమీ ప్రమాదం లేదంది, గట్టి మందు అవసరం లేదంది, ఇకనుంచి ఇద్దరం సరైనవి వేసుకోవాలంది. "ఆయన చేతులు?" అని అడిగాను. "ఎనిమిది నెలలు ఎక్కువ పడిందమ్మా. కొంత వస్తుంది. పూర్తిగా వస్తుందని చెప్పలేను." లేబుళ్ళు చించని రెండు డబ్బాలు నా చేతిలో పెట్టింది. బస్సులో అందరికీ వినబడేలా అవి గలగలమంటూనే ఉన్నాయి. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు.

షిఫ్టుకి పోలేదు. మూడంతస్తులు ఎక్కి, ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. కిటికీలో కుర్రాయన, బావగారు, మేకు, జేబులు. ఏప్రాను మేకుకి తగిలించి చూపించాను కూడా. "నేనే మార్చేశాను. మీకు చెడ్డ మాత్రే పెట్టాను ఇన్ని నెలలూ. నా కళ్ళు కాకులు పొడవ" అని ఏడ్చాను.

ఆయన సీలింగు వైపు చూస్తున్నాడు. మా గది సీలింగు ఆయన వేసిందే.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"డాక్టరమ్మ చూపించింది గదా. కొత్తదానికి నడుమ గాటుంటుందని. మొదటి రోజే చూశాను, నువ్వు ఇచ్చినదానికి లేదు."

నాకు అర్థం కాలేదు. "మరి చెప్పలేదేం?"

ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. "కావాలనే ఇస్తున్నావనుకున్నాను. ఆ రోజు మెట్ల మీద అన్నావు గదా. అన్నదానివి అన్నట్టు చేస్తున్నావనుకున్నాను. నేను నీకు చేసినదానికి అదేం ఎక్కువ కాదనిపించింది."

జన్మలో రెండోసారి ఆయన్ని 'నువ్వు' అన్నాను. "నువ్వు మనిషివేనా? ఎనిమిది నెలలు నా చేతి అన్నం తిన్నావు. నీ తల దువ్వాను, నీ వీపు రుద్దాను. విషం పెట్టేదాన్ని అలా చేస్తానా? నోరుంది గదా, ఒక్కసారి అడగలేవా?"

"అడిగితే అవునంటావేమోనని" అన్నాడు.

కొట్టబోయాను. చెయ్యెత్తాను కూడా. ఆయన అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేపబోతే అది ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. నా చెయ్యి దించేశాను.

"నమ్ముతున్నారా నేను చెప్పింది? జేబుల సంగతి?"

"నువ్వు చెప్పావుగా."

ఎన్నిసార్లు అడిగినా అదే మాట. నమ్మానని అనడు, నమ్మలేదని అనడు. ఊరంతటినీ నోటితో గెలిచినదాన్ని, ఒక్క మనిషికి ఒక్క నిజం నిరూపించుకోలేకపోయాను. సాక్ష్యం చెప్పాల్సిన లేబుళ్ళు నేనే చించి పారేశాను.

అయిదు నెలలయింది. ఇప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకుని లేస్తున్నాడు. బనీను తనే వేసుకుంటున్నాడు. మెట్లు దిగి వీధి చివరి దాకా పోయి వస్తున్నాడు. చేతులు భుజాల దాకా వస్తాయి. అక్కడితో ఆగిపోయాయి, ఇంక అంతేననుకోమంది డాక్టరమ్మ. నిచ్చెన పొట్టి మేస్త్రి తీసుకుపోయాడు. మొన్న గ్రంథాలయం ముందు నుంచి వస్తూ లోపలికి వెళ్ళి తలెత్తి చూశాను. హాలు మధ్యలో ఆ అతుకు అలాగే ఉంది. కింద కూర్చుని చదువుకునేవాళ్ళెవరికీ అది కనబడదనుకుంటాను. నాకు గుమ్మంలోంచే కనబడింది.

డబ్బాలు ఇప్పుడు లేబుళ్ళతోనే అల్మారాలో, ఎదురుగా ఉంటాయి. బావగారు వచ్చినా తియ్యను. మీ డబ్బా మీరే తీసుకోండి, మీ మాత్ర మీరే వేసుకోండి అని మా ఆయనకి ఎన్నోసార్లు చెప్పాను. తీసుకోడు. ఎనిమిది కాగానే వచ్చి నా ముందు కూర్చుని అరచెయ్యి చాపుతాడు.

మాత్ర అందులో పెడతాను. "చూడండి. గాటుంది" అంటాను.

"ఊఁ" అంటాడు.

చూడడు. చూడకుండానే మింగేస్తాడు.